వార్తలమ్మ చెప్పిన సాక్ష్యం

మందుల దుకాణంలో వరుసలో నిలబడి ఉండగా వార్తలమ్మ ఆ గొంతు మొదటిసారి వింది. ముందు నిలబడ్డాయన జేబులో ఫోను మోగడానికి బదులు మాట్లాడింది.

"మీ పార్సెల్ బయల్దేరింది. కాసేపు ఇంటి దగ్గరే ఉంటారు కదూ? దన్యవాదాలు."

ఆయన ఫోను తీసి చూసుకుని మళ్ళీ జేబులో వేసుకున్నాడు. వార్తలమ్మ మాత్రం చేతిలో మందుల చీటీ నలిగిపోతున్నా గమనించకుండా అలాగే ఉండిపోయింది. ఒత్తు మింగేసిన ఆ దన్యవాదాలు ఆమెకు నలభై ఏళ్ళుగా తెలుసు. చిన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని వందసార్లు చెప్పించినా ఆ నోటికి ఒత్తు పలకలేదు. అది తన చెల్లెలు బుల్లి గొంతు.

వార్తలమ్మ అసలు పేరు వీధిలో చాలామందికి తెలియదు. ఇరవై రెండేళ్ళు రేడియోలో వార్తలు చదివింది కాబట్టి వార్తలమ్మ అయింది. ఆమె చదువుతుంటే శ, ష, స మూడూ మూడు గదుల్లో కూర్చున్నట్టు విడివిడిగా వినిపించేవి. ఉద్యోగం నుంచి దిగిపోయిన రెండేళ్ళకు, ఊరూరా పార్సెళ్ళు పంపే ఒక పెద్ద కంపెనీ తన యాప్‌కు ఆడగొంతు కావాలని వెతుకుతుంటే, ఎవరో ఆమె పేరు చెప్పారు. వెళ్ళింది. చప్పుడు చొరబడని గదిలో ఆరు రోజులు కూర్చుని వెయ్యి వాక్యాలు చదివింది. ఒకసారి మామూలుగా, ఒకసారి సంతోషంగా, ఒకసారి క్షమించమని అడుగుతున్నట్టు. కాగితాల మీద సంతకాలు పెట్టింది. ఇంటికొచ్చి వీధివీధంతా చెప్పింది, ఇక మీదట ప్రతి ఇంట్లోనూ తన గొంతే వినిపిస్తుందని.

ఏడాది గడిచింది. గొంతు వచ్చింది. అది తనది కాదు.

బుల్లి ఒక ఆసుపత్రిలో నంబర్లు పిలిచే కౌంటరులో పనిచేస్తుంది. మైకు ముందు ఎలా కూర్చోవాలో ఎవరూ ఆమెకు నేర్పలేదు. డ్యూటీ దిగాక నాలుగేళ్ళపాటు ఒక అంధుల బడికి వెళ్ళి, అక్కడి చిన్న గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, పిల్లల పాఠ్యపుస్తకాలన్నీ ఫోనులో చదివి పెట్టింది. బడివాళ్ళు వాటిని ఎవరైనా వినేలా తమ వెబ్‌సైటులో ఉంచారు. కంపెనీ ఎవరినీ అడక్కుండా వాటిని తీసుకుపోయి యంత్రానికి నేర్పింది. ఇదంతా తర్వాత బయటపడిన సంగతి. ఆ రోజు మందుల దుకాణంలో వార్తలమ్మకు తెలిసింది ఒక్కటే. దొంగకు తలుపు బార్లా తీసి, దీపం పెట్టి పిలిస్తే, వాడు తన గుమ్మం దాటిపోయి పక్కింట్లో దూరాడు.

నాలుగు నెలలు ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు, బుల్లికి కూడా. కానీ ఆ యాప్‌ను తన ఫోనులో పెట్టుకుంది. ఆ గొంతు వినడానికని అక్కర్లేని వస్తువులు తెప్పించేది. పిన్నీసులు, బట్టల క్లిప్పులు, గరాటాలు. ఫోను మాట్లాడగానే వంటగదిలో నిలబడి, అదే వాక్యాన్ని తను అంతకంటే బాగా చెప్పి చూసుకునేది. బాగానే ఉండేది. ఒత్తులన్నీ పలికేవి. కానీ ఆ "ఉంటారు కదూ" అన్నచోట, పక్కింటి గోడ మీంచి అడిగినట్టుండే ఆ చనువు మాత్రం ఎంత ప్రయత్నించినా వచ్చేది కాదు. తను చెప్తే అది వాతావరణ సూచనలా వినిపించేది.

"ఇంట్లో గరాటాలు మూడయ్యాయి," అన్నాడు ఆమె భర్త ఒకరోజు.

"ఉంటే ఏం? పాడైపోతాయా?" అంది.

ఒక ఆదివారం పొద్దున బుల్లి వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"అక్కా, నీకో విచిత్రం చెప్పాలి. కౌంటరు దగ్గర నేను నంబరు పిలుస్తుంటే జనం తలెత్తి చూసి నవ్వుతున్నారు. ఒకావిడైతే, నా పార్సెల్ ఎప్పుడొస్తుందమ్మా అని నన్నే అడిగింది. ఇదిగో, విను."

ఫోను బల్ల మీద పెట్టి వినిపించింది. వార్తలమ్మ మొదటిసారి వింటున్నట్టు తల పక్కకు వంచి విన్నది.

"ఇది నేనేనా అక్కా? అందరూ నేనే అంటున్నారు. నాకేమో తెలియడం లేదు. మన గొంతు బయటినుంచి వింటే మనకే కొత్తగా ఉంటుంది కదా. నీ చెవికి తెలుస్తుందని తెచ్చాను."

"ఏదో కొంచెం పోలిక ఉంది," అంది వార్తలమ్మ. "యంత్రం గొంతులన్నీ అలాగే ఉంటాయి. పట్టించుకోకు."

బుల్లి పట్టించుకుంది. అంధుల బడివాళ్ళు పట్టించుకున్నారు. వాళ్ళ ద్వారా ఒక వకీలమ్మ దొరికింది. కేసు పడింది.

అంతకు కొన్నాళ్ళ ముందే ఒక పేరున్న నటుడి కేసులో పెద్ద కోర్టు తీర్పు చెప్పి ఉంది. మనిషి గొంతు మనిషి సొంతమని, అనుమతి లేకుండా యంత్రం చేత దాన్ని పలికించి వ్యాపారం చేయకూడదని. కంపెనీ ఆ తీర్పును కాదనలేదు. అది పేరున్నవాళ్ళకు వర్తిస్తుంది, ఆసుపత్రిలో నంబర్లు పిలిచే మనిషి గొంతుకు మార్కెట్లో ఏం విలువ, ఆవిడెవరో ఎవరికి తెలుసు, అని వాదించింది. దాంతో ఆవిడెవరో అందరికీ తెలిసింది. సామాన్యుడి గొంతుకు హక్కుందా అంటూ పత్రికలు రాశాయి. కౌంటరు అద్దం వెనక కూర్చున్న బుల్లి ఫోటో మొదటి పేజీలో పడింది.

వార్తలమ్మ ఆ పేపరు మడిచి పరుపు కింద పెట్టింది. లాభం లేకపోయింది. ఎదురింటావిడ తన పేపరు పట్టుకుని వచ్చింది.

"మీ చెల్లెలట కదండీ. రోజూ వింటూనే ఉన్నాం, ఎంత హాయిగా మాట్లాడుతుందో. సొంత మనిషి పలకరించినట్టుంటుంది. మీరు ఒక్క ముక్క చెప్పలేదేం?"

"ఏముంది చెప్పడానికి," అంది వార్తలమ్మ.

ఇరవై రెండేళ్ళు తన వార్తలు వింటూ గడియారాలు సరిచేసుకున్న వీధిలో ఆమె ఒక్క వారంలో బుల్లి వాళ్ళ అక్క అయిపోయింది. కూరగాయల దుకాణంలో అదే. బ్యాంకులో అదే. బుల్లికి అన్యాయం జరిగిందని ఆమెకు తెలుసు. ఆ అన్యాయమే తనకు జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఆమె కడుపు మండేది. ఆ మంటను ఎవరితో చెప్పుకోగలదు?

అప్పుడు కంపెనీ లాయరు ఇంటికి వచ్చాడు. మెత్తగా, తొందరలేకుండా మాట్లాడే మనిషి. కుర్చీ అంచున కూర్చుని, తోలు సంచిలోంచి ఆమె పాత ఒప్పందం తీశాడు.

"మేడమ్, మీతో ఆరు రోజులు రికార్డు చేయించాం, గుర్తుందా? యంత్రానికి ముందు నేర్పింది మీ గొంతే. ఆ తర్వాత ఏవేవి కలిశాయో మా ఇంజనీర్లే ఖచ్చితంగా చెప్పలేరు. ఒకే తల్లి పిల్లలు, గొంతుల్లో పోలికలుంటాయి. మీ చెల్లెలు పొరబడి ఉండొచ్చు కదా?"

"అంటే, ఆ గొంతు నాదా?" అని అడిగింది వార్తలమ్మ.

"మీదే అంటున్నాం మేం. అన్ని కోట్ల ఇళ్ళలో వినిపిస్తున్నది మీ గొంతని మీరొక్కమాట ప్రమాణపత్రం మీద చెప్తే చాలు. మీతో ఒప్పందం ఉంది కాబట్టి ఎవరికీ అన్యాయం జరగనట్టే."

ఆమె లేచి వెళ్ళి టీ పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడి ఒక్కసారి తనకు తాను నిజం చెప్పుకుంది, అది బుల్లి గొంతు అని. తర్వాత రెండు కప్పులు తీసుకుని ముందుగదిలోకి వచ్చి సంతకం పెట్టింది.

లాయరు వెళ్ళిపోయాక ఆమె భర్త పక్కగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఆ గరాటాలన్నీ నీ గొంతు వినడానికే తెప్పించావా?" అని అడిగాడు.

ఆమె ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో రోజు సాయంత్రం బుల్లి ఆసుపత్రి యూనిఫారంలోనే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ప్రమాణం చేసి రాసిచ్చావట. వకీలమ్మ చదివి వినిపించింది."

"వాళ్ళు అడిగారు. నాకు అనిపించింది చెప్పాను."

"నిజంగా నీదేనా అక్కా?" బుల్లి గొంతులో కోపం లేదు. ఉంటే వార్తలమ్మకు తేలికయ్యేది. "నీదైతే చెప్పు, రేపే కేసు వెనక్కి తీసుకుంటాను. మా అక్క కష్టాన్ని నాదని కోర్టుకెక్కి పేపర్లో ఫోటో వేయించుకున్నానంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను? నాకైతే మొదటినుంచీ అనుమానమే. నా గొంతు అంత బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు."

ఆ చివరి మాట దగ్గర వార్తలమ్మ నిజం చెప్పేయవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ "అంత బాగుంటుంది" అన్న ముక్క మధ్యలో ముల్లులా గుచ్చుకుంది.

"నాదే," అంది.

బుల్లి తలూపింది. గట్టు మీద చెంబులోంచి మంచినీళ్ళు వంచుకుని తాగి, గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

కేసు మాత్రం ఆగలేదు. వకీలమ్మ ఒప్పుకోలేదు. "కాగితం మీద ఎవరైనా ఏమైనా రాస్తారు. సాక్షిని బోనులో ఒక్కసారి నన్ను అడగనివ్వు, ఆ తర్వాత నీ ఇష్టం," అని బుల్లిని ఆపింది.

కోర్టు గది ఆమె అనుకున్నంత పెద్దది కాదు. రంగు వెలిసిన గోడలు, బల్లల మీద తాళ్ళతో కట్టిన కాగితాల కట్టలు, జడ్జిగారి ముందు మాటలు టైపు చేసుకునే ఒక మనిషి. బల్ల మీద స్పీకరు ఒకటి పెట్టి ఉంది. వార్తలమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆ గదిలో మైకు లేకపోయినా ఆమె చెప్పిన ప్రమాణం వెనక బెంచీదాకా స్పష్టంగా వినిపించింది. మూడో బెంచీలో బుల్లి తల వంచుకుని కూర్చుంది.

వకీలమ్మ కళ్ళద్దాలు తుడుచుకుంటూ లేచింది. ముప్పై దాటిన మనిషి. గొంతు పెంచలేదు.

"అమ్మా, మీరు నాకు తెలియకపోవడమేం? చిన్నప్పుడు మా నాన్న మీ వార్తలు పెట్టి, ఆవిడలా పలకండర్రా అని మా చేత చెప్పించేవాడు. ఇరవై రెండేళ్ళలో మీరు ఒక్కసారైనా ఒత్తు తప్పారా?"

"లేదు," అంది వార్తలమ్మ.

"ఒక్కసారీ?"

"జ్వరంతో చదివిన రోజున కూడా లేదు. కావాలంటే స్టేషనులో అడగండి."

"అక్కర్లేదు, మాకు తెలుసు." వకీలమ్మ టైపు చేసే మనిషి వైపు ఒకసారి చూసి, అదంతా కాగితం మీదికి వచ్చేదాకా ఆగింది. తర్వాత స్పీకరు నొక్కింది.

"మీ పార్సెల్‌లో ఆహార పదార్దాలు ఉన్నాయి. వెంటనే తీసుకోండి. దన్యవాదాలు."

గదిలో రెండోసారి వినిపించింది. మూడోసారి వినిపించింది.

"పదార్దాలు," అంది వకీలమ్మ నెమ్మదిగా. "దన్యవాదాలు. ఇది మీ గొంతేనని ప్రమాణం చేసి చెప్పారు. అంటే ఇలా పలికింది మీరే. అంతేనా అమ్మా?"

వార్తలమ్మ చెవుల్లోకి వేడి ఎక్కింది. బల్ల దగ్గర టైపు చేసే మనిషి వేళ్ళు ఎత్తి పట్టుకుని ఆమె జవాబు కోసం చూస్తున్నాడు. అతను ఇప్పుడు ఆ మాటలు అలాగే, ఒత్తులు లేకుండా, ఆమె పేరు కింద కొడతాడు. వెనక బెంచీల్లో పత్రికలవాళ్ళున్నారు. ఇరవై రెండేళ్ళు వార్తలు చదివిన ఫలానా ఆవిడ ధన్యవాదాలు పలకలేదని రేపు ప్రతి ఇంట్లోనూ చదువుకుంటారు. ఎదురింటావిడ పేపరు పట్టుకుని వస్తుంది.

కంపెనీ లాయరు లేచి, యంత్రం ఒక్కోసారి మాటను మార్చవచ్చని ఏదో అనబోయాడు. జడ్జిగారు చేత్తో ఆపారు.

"సాక్షిని చెప్పనివ్వండి. అమ్మా, మీరు చెవితో బతికిన మనిషి. ఇలా పలికింది మీరేనా?"

"నేనా?" అంది వార్తలమ్మ. "నా నోటెంట ఆ మాట అలా రాదండీ. ప్రాణం పోయినా రాదు. అది బుల్లి. చిన్నప్పటినుంచీ దానికి ఒత్తులు పలకవు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది కానీ అది నేర్చుకోలేదు."

వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. టైపు మెషీను టకటకలాడింది. వార్తలమ్మకు తను ఏం చెప్పిందో ఆ చప్పుడు వింటుంటే అర్థమైంది. బుల్లి తలెత్తి చూస్తోంది. ఏడుస్తున్నట్టూ లేదు, నవ్వుతున్నట్టూ లేదు.

"ఈ సంగతి ఎప్పుడు తెలిసింది మీకు?" అని అడిగారు జడ్జిగారు.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "మొదటిసారి విన్నప్పుడే," అంది. ఆమె జీవితంలో మొదటిసారి ఒక వాక్యం చివరి అక్షరం వినిపించలేదు. గట్టిగా చెప్పమని జడ్జిగారు మళ్ళీ అడగాల్సి వచ్చింది.

రెండు నెలలకు తీర్పు వచ్చింది. పేరున్నవాడి గొంతుకు ఒక న్యాయం, పేరులేనివాడి గొంతుకు ఒక న్యాయం ఉండవని రాశారు జడ్జిగారు. పదిమందీ వినడానికి పెట్టినంత మాత్రాన, దాన్ని తీసుకుపోయి యంత్రం చేత వేరే మాటలు పలికించుకోమని ఇచ్చినట్టు కాదని రాశారు. ముప్పై రోజుల్లో ఆ గొంతు తీసేయాలన్నారు. కంపెనీ పై కోర్టుకు వెళ్ళింది. అక్కడా తీర్పును ఆపడానికి ఒప్పుకోలేదు. తర్వాత కంపెనీవాళ్ళు బుల్లి దగ్గరికి సరైన ఒప్పందంతో వచ్చారు. ఆమె వద్దనేసి, మళ్ళీ అంధుల బడికి పోయి పదో తరగతి సైన్సు పుస్తకం చదవడం మొదలుపెట్టింది. ఆ తీర్పును లా కాలేజీల్లో పాఠంగా చెప్తున్నారట.

వార్తలమ్మ తీర్పు కాపీ తెప్పించుకుని మొత్తం చదివింది. తన పేరు ఎక్కడా లేదు. రెండో సాక్షి అని ఉంది. రెండో సాక్షి మొదట ఇచ్చిన వాంగ్మూలం నమ్మదగింది కాదని, అసూయ కొద్దీ ఇచ్చినట్టు కనిపిస్తోందని, నిజం తానే ఒప్పుకున్నందువల్ల ఈసారికి మందలించి వదిలేస్తున్నామని నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలూ ఆమె బయటికి చదివి చూసుకుంది. ఎక్కడా తడబడకుండా చదివింది. అంతలోనే సిగ్గేసి కాగితాలు మూసేసింది.

బుల్లి ఫోను చేయలేదు. వార్తలమ్మ చేసినా ఎత్తలేదు. ఏడు వారాలు చూసి, ఒక మంగళవారం పొద్దున వార్తలమ్మ ఆసుపత్రికి వెళ్ళి, అందరితోపాటు నంబరు చీటీ తీసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గంటసేపు బుల్లి పిలుస్తూనే ఉంది. యాభై రెండు. యాభై మూడు, నెమ్మదిగా రండి, తొందరేం లేదు. నొప్పులతో, భయాలతో వచ్చిన మనుషులు ఆ మాట వినగానే భుజాలు కాస్త దించి లేచి వెళ్తున్నారు. వార్తలమ్మ చూస్తూ కూర్చుంది. తను పిలిస్తే వీళ్ళంతా ఉలిక్కిపడి లేచి నిలబడేవారని ఆమెకు అనిపించింది. గుండెలో పాత మంట ఒకసారి కదిలింది.

"అరవై ఏడు."

వెళ్ళి అద్దం ముందు నిలబడింది. బుల్లి తలెత్తి చూసి, మళ్ళీ రిజిస్టరులోకి దించింది.

"ఏ డాక్టరు?"

"డాక్టరు కోసం కాదు. నీకోసం వచ్చాను."

"వెనక జనం ఉన్నారు."

"చూశాను. నంబరు తీసుకునే వచ్చాను."

బుల్లి కలం కింద పెట్టింది. "ఒక్కటి చెప్పు. ఆ రోజు బోనులో నిజం చెప్పింది నాకోసమేనా?"

అవునంటే సరిపోతుందని వార్తలమ్మకు తెలుసు. అవుననే మాట ఎంత చక్కగా పలకాలో కూడా తెలుసు.

"కాదు," అంది. "ఆ దన్యవాదాలు నాదని జనం అనుకుంటారేమోనని."

"నాకు అప్పుడే అర్థమైంది. ఇవాళ నీకోసమే అంటే పొమ్మందామనుకున్నాను," అంది బుల్లి.

"ఏడవమంటావా ఇక్కడ?"

"వద్దు, వెనకవాళ్ళు కంగారుపడతారు." బుల్లి కలం తీసుకుంది. "ఇంకా కుళ్ళుగానే ఉందా అక్కా?"

"ఉంది," అంది వార్తలమ్మ. "ఇప్పుడు కూడా, అక్కడ కూర్చుని నిన్ను వింటుంటే వచ్చింది."

"నీ చదువు చూసి నాకూ ఉండేది, చిన్నప్పుడు. నీకెప్పుడూ చెప్పలేదు." బుల్లి రిజిస్టరులో ఏదో రాసింది. "నీ మీద కోపం ఇంకా తగ్గలేదు. త్వరగా తగ్గదు కూడా. నాకు ఒంటిగంటకు భోజనం. అప్పటిదాకా కూర్చోగలిగితే కూర్చో. లేకపోతే ఇంటికి పో."

"కూర్చుంటాను."

ఆమె వెళ్ళి గోడ పక్క కుర్చీలో కూర్చుంది. బుల్లి అరవై ఎనిమిదిని పిలిచింది. కర్ర పట్టుకున్న ఒక ముసలాయన లేవబోయి తూలితే, వార్తలమ్మ చేయి పట్టుకుని కౌంటరు దాకా తీసుకెళ్ళి వచ్చింది. ఒంటిగంటకు ఇంకా చాలాసేపు ఉంది.